లైవ్ ఆల్బంలో పాటల మధ్య చప్పట్లు తెగిపోతుంటే

సీడీలోని లైవ్ ఆల్బంను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి కారులో వింటుంటే పాటకూ పాటకూ మధ్య గ్యాప్ వస్తోందని అడిగారు. మీ సీడీలో లోపం లేదు. మీరు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించిన ఎంపీ3ల వల్లే, లేదా కారు ప్లేయర్ వల్లే ఆ గ్యాప్ వస్తోంది. ఎంపీ3 ఆడియోను 1152 శాంపిళ్ల (డిజిటల్ శబ్దంలోని అతి చిన్న కొలతల) ముక్కలుగా చేస్తుంది. పాట ఆ కొలతకు సరిపోదు కాబట్టి మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. స్టూడియో ఆల్బంలో అది తెలియదు. మీరు చెప్పిన, సాక్సోఫోన్ కళాకారుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ 1977 బిజూ కేఫ్ లైవ్ రికార్డింగ్ లాంటి వాటిలో సాక్సోఫోన్ ఆగకముందే చప్పట్లు మొదలై తర్వాతి ట్రాక్‌లోకి సాగుతాయి. అక్కడ టక్కున తెగినట్టు వినిపిస్తుంది, ప్రాణం ఉసూరుమంటుంది.

1. ముందు అవే ఫైళ్లను కంప్యూటర్‌లో ఫూబార్2000 అనే మ్యూజిక్ ప్లేయర్‌లో వినండి. చాలామంది వదిలేసేది ఇదే. అక్కడ గ్యాప్ లేకపోతే ఫైళ్లు బాగున్నట్టే, తేడా కారు ప్లేయర్‌ది. నేరుగా 3కి వెళ్లండి.

2. అక్కడా గ్యాప్ ఉంటే సీడీ నుంచే మళ్లీ ఫ్లాక్‌లోకి (క్వాలిటీ పోని ఆడియో ఫార్మాట్) రిప్ చేయండి, అంటే కాపీ చేసుకోండి. ఉన్న ఎంపీ3లను ఫ్లాక్‌గా మార్చకండి. చేరిన నిశ్శబ్దం అందులోనే ఉండిపోవచ్చు, పోయిన క్వాలిటీ ఎలాగూ తిరిగి రాదు.

3. కారు ప్లేయర్ ఒక్కో ఫైల్ తెరవడానికి క్షణం ఆగుతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సీడీ రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా తీసి పెన్ డ్రైవ్‌లో వేయండి. పాట మార్చుకోవడం కష్టమే, కానీ కచేరీ కచేరీలా వినిపిస్తుంది.

ఫోన్‌లో వింటుంటే క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతూ తర్వాతిది పెరుగుతూ కలిసిపోయే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.