టెక్ సందేహాలు: లెన్స్ అడగండి, ఇంటి అడ్రస్ ఎందుకు?

ప్రశ్న: మేం నలుగురం కలిసి 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ (ఒక్కో ఫొటోకు ఒక్కో విడి షీటు) వాడే కొత్త కెమెరా డిజైన్ చేస్తున్నాం. కొంత చెక్క, కొంత త్రీడీ ప్రింట్. ఎలాంటిది కావాలో చెప్పమని ఫిల్మ్ వాడేవాళ్లకు ఆన్‌లైన్ ఫారమ్ పంపితే రెండొందల మంది దాకా నింపారు. బరువు తగ్గించమని కొందరు, అన్ని మూవ్‌మెంట్లూ (లెన్స్‌ను, ఫిల్మ్‌ను వంచడం, జరపడం) ఉండాలని కొందరు, ధర మాత్రం తక్కువ ఉండాలని అందరూ! ఎవరి మాట వినాలి? ఫారమ్ లింక్ పంపుతున్నాం, చూసి చెప్పండి. - హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చూశాను. కెమెరా సంగతి కాసేపు పక్కన పెడదాం.

మీ ఫారమ్‌లో పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్, మీ దగ్గరున్న కెమెరాలు, లెన్స్‌లు, వాటికి పెట్టిన డబ్బు, అన్నీ తప్పనిసరి గడులే. నింపి పంపగానే ‘ముందు వచ్చిన జవాబులు చూడండి’ అని ఒక లింక్ కనిపించింది. నొక్కాను. రెండొందల మంది అడ్రస్‌లు, ఎవరింట్లో ఏ లెన్స్ ఉందో, అది ఎంత ఖరీదో వరుసగా కనిపించాయి. దొంగ కూర్చుని రాసుకున్నా ఇంత శుభ్రంగా రాసుకోలేడు.

ఉచిత ఫారమ్ సేవల్లో ‘ఫలితాల సారాంశం చూపించు’ అనే సెట్టింగ్ ఒకటుంటుంది. అభిప్రాయ సేకరణ కదా, అందరికీ కనిపిస్తే బాగుంటుందని ఎవరో సదుద్దేశంతో దాన్ని ఆన్ చేస్తారు. ఈ ఏడాది ఇదే తప్పు నా దాకా రావడం మూడోసారి. అపార్ట్‌మెంట్ సంఘం ఫారమ్, పాత విద్యార్థుల కలయిక ఫారమ్, ఇప్పుడు కెమెరా.

ఇంటికొచ్చే దొంగకంటే ఫోన్ చేసే దొంగ గురించే నాకు ఎక్కువ భయం. ‘మీ 150 ఎంఎం లెన్స్‌ను కెమెరాకు బిగించే బోర్డు సిద్ధమైంది, తొలి బ్యాచ్ మీకే, రెండు వేలు అడ్వాన్స్ పంపండి’ అంటే ఎవరికి అనుమానం వస్తుంది? తన దగ్గర ఏ లెన్స్ ఉందో తెలిసినవాడు మనవాడే అనుకుంటారు. యూపీఐ పిన్ కొట్టి మనమే పంపిన డబ్బు వెనక్కి రావడం గగనం.

కాబట్టి ఆ సెట్టింగ్ ఈ రోజే ఆపండి. జవాబులు చేరే షీట్‌ను ‘లింక్ ఉన్నవారెవరైనా చూడొచ్చు’ అని పెట్టారేమో అదీ చూడండి. అడ్రస్, ఫోన్ గడులు తీసేయండి, ఇప్పటికే వచ్చినవి చెరిపేయండి. ఈలోగా ఎవరైనా కాపీ చేసుకుని ఉంటే మీరేం చేయలేరు కాబట్టి, ఆ రెండొందల మందికీ జరిగింది జరిగినట్టు చెప్పండి. డబ్బు అడుగుతూ ఫోన్ వస్తే నమ్మొద్దని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని రాయండి. సమ్మతి తీసుకున్నా చెప్పిన పనికి అవసరమైన సమాచారం వరకే అది చెల్లుతుందని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. బెల్లోస్ (లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య ఉండే మడతల సంచి) ఎంత పొడవుండాలో తేల్చడానికి ఇంటి నంబరు ఎందుకు?

తమాషా ఏమిటంటే, ఆ ఫారమ్ మొత్తంలో డిజైన్‌కు పనికొచ్చే ప్రశ్న ఆ లెన్స్‌లదే. దాన్ని ఉంచి పేరు తీసేయండి. ఎక్కువమంది దగ్గర 90, 150 మిల్లీమీటర్ల లెన్స్‌లు ఉన్నాయనుకుందాం. 90తో దూరపు దృశ్యం తీయాలంటే ముందు, వెనక ఫ్రేములు దాదాపు 90 మిల్లీమీటర్ల దగ్గరికి రావాలి. 150తో ఒక వస్తువును దాని అసలు సైజులో ఫిల్మ్ మీదికి తేవాలంటే బెల్లోస్ 300 దాకా సాగాలి. మీ బెల్లోస్ కొలత, బెడ్ (ఫ్రేములు నిలబడే పట్టా) పొడవు, బరువు సగం అక్కడే తేలిపోయాయి. ‘తేలిగ్గా కావాలా’ అని అడిగితే కాదనేవాడు ఎవడు?

కొన్నిటికి అసలు ఓటింగే పెట్టకండి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. మార్కెట్లో ఉన్న మామూలు ఫిల్మ్ హోల్డర్ (షీటు పెట్టే చట్రం) పట్టాలి. లెన్స్ బోర్డు లిన్‌హాఫ్ టెక్నికా అనే కెమెరా కొలతలో, అంటే 96×99 మిల్లీమీటర్లలో ఉండాలి. కొత్త కొలత కనిపెట్టి జనం చేత మళ్లీ బోర్డులు కొనిపించకండి. గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనక గాజు) గరుకు వైపు లోపలికి, అంటే లెన్స్ వైపుకు ఉండాలి. హోల్డర్ ఆనే అంచు నుంచి సుమారు 4.8 మిల్లీమీటర్ల లోతులో, ఫిల్మ్ ఎక్కడ నిలుస్తుందో సరిగ్గా అక్కడే ఉండాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా గాజు మీద కత్తిలా కనిపించింది నెగెటివ్‌లో మసకబారుతుంది. కొలిచి సరిపెట్టుకోకండి. కొలత టేపును ఏటవాలుగా పరిచి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక అంకె మీద ఫోకస్ చేసి ఒక షీట్ తీయండి. నెగెటివ్‌లో పక్క అంకె స్పష్టంగా వస్తే మీ కెమెరా వెనక గాజు లోతు తప్పు.

వాడేవాళ్లను అడగడం తప్పని నేననను. 2014లో ఇంగ్లాండ్‌లోని బ్రైటన్‌లో ఒక విద్యార్థి ఆన్‌లైన్ చందాలతో ప్లైవుడ్ 4×5 కెమెరా మొదలుపెట్టాడు. ఆ కెమెరా తర్వాత ఎన్నో మార్పులతో వెర్షన్ మీద వెర్షన్ వచ్చింది. కాగితం మీద కోరికలు అడగడం కంటే మొరటుగానైనా ఒకటి చేసి పదిమంది చేతిలో పెట్టడం మేలు. ఏ మర జారిందో, చలికి ఏది బిగుసుకుందో వాళ్లే చెబుతారు.

ప్రశ్న: పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన కెమెరా ఎండకు ఆగుతుందా? ప్రింట్ ఫైళ్లు ఒకాయన జీకోడ్‌గా పంపారు. - విజయవాడ

జవాబు: ఆగదు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడలో కారు అద్దాలు బిగించి వెళ్లండి, తెలుస్తుంది. ఎండకు తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ వాడండి. గోడలు మందంగా పెట్టి, చీకటి గదిలో లోపల టార్చ్ వేసి వెలుతురు ఎక్కడ కారుతుందో చూడండి. జీకోడ్ మాత్రం అలాగే వేయకండి. అందులో ఆకారంతో పాటు ప్రింటర్‌ను ఎంత వేడెక్కించాలి, ఎలా కదపాలి అనే ఆదేశాలు కూడా ఉంటాయి. ఆకారం మాత్రమే ఉండే ఎస్టీఎల్ ఫైలు అడిగి తీసుకుని మీరే స్లైస్ చేసుకోండి, అంటే మీ ప్రింటర్‌కు తగ్గ ఆదేశాలుగా మార్చుకోండి.

ప్రశ్న: పాత లెన్స్ షట్టర్ వేగం కొలిచే యాప్ లొకేషన్, కాంటాక్టులు, లాగిన్ అడుగుతోంది. ఇవ్వాలా? - వరంగల్

జవాబు: షట్టర్ చప్పుడు వినడానికి మీ బావమరిది నంబరెందుకు? రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్ స్టూడియోలో గాజు పలకల మీద ఫొటోలు తీసిన రోజుల నుంచి ఈ కెమెరాల తీరు ఒకటే: ముందు లెన్స్, వెనక గాజు, మధ్యలో మడతల సంచి. దానికి పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్ లేదు. ఇప్పుడు దానికి కూడా బ్లూటూత్ షట్టర్, క్లౌడ్ ఖాతా తగిలిస్తామని ఉత్సాహపడేవాళ్లు తయారయ్యారు. సర్వర్ మూసేసిన రోజున ఆ షట్టర్ పేపర్‌వెయిట్‌కు తప్ప దేనికీ పనికిరాదు. స్ప్రింగులతో నడిచే పాత షట్టర్ మొరాయిస్తే తుడిచి శుభ్రం చేసేవాడైనా దొరుకుతాడు.

ఇంతకీ మీ యాప్. మైక్ అనుమతి ఒక్కటే ఇవ్వండి, అదీ వాడుతున్నప్పుడు మాత్రమే. మిగతావి ఇవ్వకపోతే తెరుచుకోనని అంటే తీసేయండి. నెమ్మది వేగాలకు చప్పుడు లెక్క సరిపోతుంది కానీ 1/125, ఆపైన నమ్మకండి, వాటికి కాంతిని పట్టే సెన్సర్ కావాలి.