మీడియేటర్ ‘ఇవాళే టోకెన్’ అంటుంటే

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల రీసేల్ ప్లాటు చూశాం, గజం 25 వేలు. ‘వేరే పార్టీ కూడా తిరుగుతోంది, ఇవాళే లక్ష టోకెన్ నా ఖాతాలో వేయండి, ఓనరును రిజిస్ట్రేషన్ రోజు కలుద్దురు’ అంటున్నారు ఏజెంటు. కమీషన్ రెండు శాతమట. ఇవ్వొచ్చా?
– పాఠకురాలు, హబ్సిగూడ

జవాబు: ఏజెంటు ఖాతాకు ఒక్క రూపాయి కూడా వద్దు. టోకెన్ వెళ్ళాల్సింది సేల్ డీడ్‌లో ఎవరి పేరుందో వాళ్ళ బ్యాంకు ఖాతాకే. ఓనరును చూపించకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. మధ్యలో ముగ్గురు నలుగురు మీడియేటర్లుండి, అసలు ధర మీ చెవిన పడకూడదనుకోవడం ఒకటి. బేరం ఇంకా ఆయన చేతిలోనే లేక, మీ లక్ష చూపించి ఓనరును ఒప్పిద్దామనుకోవడం రెండోది. రెండింటికీ మందు ఒకటే: ఓనరుతో సిట్టింగ్ పెట్టించమనండి. కుదరదంటే ఆ ప్లాటు వదిలేయండి. ‘వేరే పార్టీ’ ప్రతి ప్లాటుకూ ఉంటుంది లెండి.

సిట్టింగ్‌కు ముందే సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్ల (అంతకుముందు ఓనర్ల పత్రాల) జిరాక్సులు అడిగి తీసుకోండి. ఏజెంటు తెచ్చిచ్చిన ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) పక్కన పెట్టి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే తీయండి. అక్కడ 1983 నుంచి దొరుకుతుంది. డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరు, ప్లాటు నంబరుతో మరోసారి వెతకండి. ఒకే ప్లాటు ఇద్దరికి అమ్మిన చోట రెండో అమ్మకం ‘45’ బదులు ‘45/ఏ’ అనో, ఊరి పేరు ఇంకో స్పెల్లింగుతోనో ఎక్కి ఉండొచ్చు. ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన ప్లాటు శుభ్రమని కాదు. నోటరీ అగ్రిమెంట్లు, వారసుల తగాదాలు అందులో కనపడవు. అందుకే లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించాలి, ఏజెంటు చెప్పిన లాయరుకు కాదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. అనుమతి పొందిన లేఅవుట్ కాపీలో మీ ప్లాటు నంబరు నిజంగా ప్లాటుగానే ఉందో, పార్కు జాగాలో పడిందో కూడా చూసుకోండి.

తర్వాత టేపు పట్టుకుని వెళ్ళండి. 200 గజాలంటే 1800 చదరపు అడుగులు, 30×60. పక్కింటి గోడ జరిగి వెడల్పు ఇరవై ఎనిమిదిన్నరే మిగిలిందనుకోండి, మీ చేతికొచ్చేది 190 గజాలు. గజం 25 వేల లెక్కన రెండున్నర లక్షలు పోయినట్టే. కొలత తగ్గితే ధర ఉన్న గజాలకే అని సిట్టింగ్‌లోనే తేల్చుకోండి, రిజిస్ట్రేషన్ రోజు ఎవరూ వినరు.

టోకెన్ రసీదు అరపేజీ చాలు. ప్లాటు, సర్వే నంబర్లు, గజాలు, గజం ధర, ఇచ్చిన మొత్తం, అగ్రిమెంట్ రాసుకునే తేదీ ఉండాలి. ‘పత్రాల్లో లోపం తేలితే టోకెన్ పూర్తిగా వాపసు’ అన్న ఒక్క వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. ఓనరు సంతకం చేయాలి, ఏజెంటు సాక్షిగా చేస్తే చాలు.

కమీషన్ సంగతి. రీసేల్‌లో చెరో శాతం అన్నదే ఎక్కువగా నడిచే పద్ధతి. మీ ఒక్కరినే రెండు అడుగుతున్నారంటే, ఓనరు దగ్గర ఎంత తీసుకుంటున్నారో సిట్టింగ్‌లో అందరి ముందూ అడగండి. ఎంత శాతం, ఏ ధర మీద, ఎప్పుడు అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. సగం అగ్రిమెంట్ నాడు అడుగుతారు. మా సలహా మాత్రం మొత్తం రిజిస్ట్రేషన్ అయ్యాకే. ఆయన తెచ్చిన బేరం ఆయన వెనకాల ముగించి కమీషన్ ఎగ్గొట్టడమూ సరికాదు.

మీ ప్లాటు సరిగ్గా 50 లక్షలు. 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (ఓనరుకిచ్చే డబ్బులోంచే ముందుగా కోసే పన్ను) పట్టుకుని కట్టాల్సింది కొన్నవారే. చాలామంది ఏజెంట్లు ఈ మాట ఎత్తరు. ఓనరు పాన్, ఆధార్‌తో లింక్ కాకపోతే ఆ ఒక శాతం కాస్తా ఇరవై అవుతుంది. కాబట్టి పాన్ ముందే సరిచూడండి.

ప్రశ్న: మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. ‘మీకు 60 లక్షలు నికరంగా ఇప్పిస్తా, పైన ఎంతొస్తే అంత నాది. పది లక్షలిచ్చి మూడు నెలల అగ్రిమెంట్ రాసుకుంటా’ అంటున్నారు ఏజెంటు. నష్టమేమిటి?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆయన ఇప్పుడు మీ ఏజెంటు కాదు, కొనేవారు. మీ ఫ్లాట్ ధర తగ్గితేనే ఆయనకు లాభం. అగ్రిమెంట్‌లో ‘ఆయన పేరున గానీ, ఆయన చెప్పినవారి పేరున గానీ రిజిస్టర్ చేయాలి’ అన్న మాట కోసం వెతకండి. అగ్రిమెంట్‌ను చేతులు మార్చడానికి దారి అదే. నాలుగో చేతిలో ఎవరున్నారో మీకు తెలియదు, మూడు నెలలు దాటాక వాళ్ళొచ్చి మీ తలుపే తడతారు. పైన వచ్చేది తరచూ నగదే కావాలంటారు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడే వీలుంది, ఆ నగదు మీ చేతుల మీదుగా వెళ్తే పడేది మీకే.

రాసుకోక తప్పదంటే ఆ మాట కొట్టేయించండి. స్వాధీనం, జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారమిచ్చే పత్రం) ఇవ్వొద్దు. గడువు దాటితే అగ్రిమెంట్ రద్దని, అడ్వాన్సు సంగతేమిటని స్పష్టంగా రాయించండి. ఒరిజినల్స్ ఇల్లు దాటకూడదు. జిరాక్సు మీద అడ్డంగా ‘పరిశీలనకు మాత్రమే’ అని తేదీ వేసి ఇవ్వండి.

ప్రశ్న: ఏజెంటుకు లైసెన్సు ఉండాలా?
– పాఠకుడు, నల్లగొండ

జవాబు: రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించాలంటే ఏజెంటుకూ రెరా నంబరు ఉండాలి. లేకపోతే రోజుకు పదివేల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా. విడి ఇల్లు, పాత రీసేల్ ప్లాటు అమ్మించేవారికి ఈ నిబంధన వర్తించదు. నంబరు చెబితే రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. రెరా నంబరు ఉండాల్సిన ప్రాజెక్టును ఆ నంబరు లేకుండా ‘ప్రీలాంచ్ ఆఫర్’ అని అమ్ముతుంటే అక్కడే ఆగిపోండి. నమోదైనదైనా సరే, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి అడ్వాన్సు అడగకూడదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న అక్క ఇక్కడి ప్లాటు అమ్ముతోంది. ఏజెంటు తన పేరుకే జీపీఏ పంపమంటున్నారు.
– పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. మీ పేరున, ఆ ఒక్క ప్లాటుకు, ఆ ఒక్క అమ్మకానికే పరిమితమైన స్పెషల్ పవర్ పంపమనండి. డబ్బు అక్క ఖాతాకే రావాలని అందులోనే రాయించండి. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. అక్క ఎన్నారై కాబట్టి పైన చెప్పిన ఒక శాతం టీడీఎస్ ఇక్కడ చెల్లదు, కోత చాలా ఎక్కువ. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ కోసం అగ్రిమెంట్ కుదరగానే ఆడిటరుతో దరఖాస్తు పెట్టించండి. అది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ గడువు దాన్ని లెక్కేసుకునే పెట్టుకోండి.