నాలుగు టైర్లు మార్చాలి: సమ్మరా, ఆల్ సీజనా?

ప్రశ్న: మా కారుకు కంపెనీ నుంచి వచ్చినవి సమ్మర్ టైర్లు. 36,000 కిలోమీటర్లు తిరిగాం. గాడి లోతు 7.5 మిల్లీమీటర్ల నుంచి 3కి వచ్చిందని మెకానిక్ చెప్పాడు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాం. ఏడాదికి పెట్రోలు ఖర్చు నాలుగు టైర్ల ధరకు దాదాపు రెండింతలు. మా దగ్గర చలి మూడు నెలలు. పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరేసరికి 2 నుంచి 6 డిగ్రీలుంటుంది. మంచు పడేది ఏడాది మొత్తమ్మీద మూడు నాలుగు రోజులే. ఆల్ సీజన్ వేయించుకుంటే గొడవే ఉండదని షాపులో అంటున్నారు, కానీ ధర పది శాతం ఎక్కువ. సమ్మర్‌వే మళ్లీ వేయించి, చలికి విడిగా వింటర్ సెట్ కొనమని మా బావగారు అంటున్నారు. నగదైతే 5 శాతం తగ్గింపు, లేదంటే వడ్డీ లేని ఆరు వాయిదాలట. చేతిలో ఉన్నది అత్యవసర నిధి ఒక్కటే. చలి మొదలవడానికి ఇంకా రెండు నెలలుంది. ఏది లాభం?

జవాబు: ఆల్ సీజన్ వేయించండి, అయితే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద మంచు రేకు గుర్తున్నవే. అవి చవకని కాదు. లెక్క వేస్తే మీ విషయంలో సమ్మర్‌కూ వీటికీ పెద్ద తేడా లేదు. పొద్దున్నే మీ కారు ఎక్కే 2 డిగ్రీల రోడ్డే ఇక్కడ తీర్పు చెప్పేస్తోంది.

సమ్మర్ టైరు రబ్బరు వేడి రోడ్డుకు తగ్గట్టు కలిపిన మిశ్రమం. సుమారు 7 డిగ్రీల కిందికి దిగేసరికి అది బిగుసుకుపోతుంది, రోడ్డు గరుకులోకి ఇమడదు. గాడి ఎంత లోతుగా ఉన్నా, టైరు ఎంత కొత్తదైనా, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే కారు ఆగే దూరం పెరుగుతుంది. మంచు పడితేనే వింటర్ సమస్య అనుకుంటారు చాలామంది. మీకు మంచు నాలుగు రోజులే కావచ్చు, 7 డిగ్రీల లోపు ఉదయాలు మాత్రం దాదాపు తొంభై. ఏడాది పొడవునా పాదరసం 7 కిందికి దిగని చోట ఉండేవాళ్లు ఇదే ప్రశ్న అడిగితే ఇంత ఆలోచించాల్సిన పనే లేదు, సమ్మరే. వేడి రోడ్డు మీద, పెద్ద వానలో వాటి పట్టు ఆల్ సీజన్‌కు రాదు.

ఇక గుర్తు సంగతి. ‘ఎం ప్లస్ ఎస్’ అన్న అక్షరాలు బురదకూ మంచుకూ పనికొస్తుందని తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. మూడు శిఖరాల మధ్య మంచు రేకు బొమ్మ ఉంటేనే గట్టిపడిన మంచు మీద పట్టు పరీక్ష పాసైన టైరు. జర్మనీలో 2024 అక్టోబరు 1 నుంచి ఉత్త ఎం ప్లస్ ఎస్ ముద్రను చలికాలపు టైరుగా లెక్కలోకి తీసుకోవడం లేదు. షాపులో ‘ఆల్ సీజనే సార్’ అంటే సరిపోదు. టైరు తిప్పించి ఆ బొమ్మ మీ కళ్లతో చూడండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఫిట్టింగు, బ్యాలెన్సింగు కలిపి నాలుగు సమ్మర్ టైర్ల బిల్లు 100 అనుకుందాం. ఆల్ సీజన్ 110. ఎవరో చెప్పిన ‘ఇన్ని వేల కిలోమీటర్లు వస్తాయి’ అన్న మాట వదిలేసి మీ కారు చెప్పేది వినండి. 4.5 మిల్లీమీటర్లు అరగడానికి 36,000 కిలోమీటర్లు పట్టింది, అంటే మిల్లీమీటరుకు 8,000. మీ రోడ్లు, మీ బ్రేకు అలవాటు, మీ కారు బరువు అన్నీ ఈ అంకెలోనే ఉన్నాయి. సైడ్‌వాల్ మీద ఉండే ట్రెడ్‌వేర్ (అరుగుదల గ్రేడు) అంకె ఇంత నమ్మకమైనది కాదు. ఆ గ్రేడు వేసుకునేది తయారీదారే. ఒక కంపెనీ 300కూ ఇంకో కంపెనీ 600కూ పోలిక పెట్టి రెట్టింపు ఆయుష్షని లెక్క కడితే మోసపోతారు.

సమ్మర్ టైరు 7.5 నుంచి 3 వరకు వాడితే మళ్లీ 36,000 కిలోమీటర్లే. చట్టం చాలా దేశాల్లో 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది, గాడుల అడుగున అడ్డంగా కనిపించే చిన్న దిమ్మెలు ఆ ఎత్తువే. కానీ 3 దాటాక తడి రోడ్డు మీద నీళ్లను పక్కకు తోసే శక్తి చురుగ్గా పడిపోతుంది, అందుకే మన లెక్క 3 దగ్గరే ఆపుదాం. మీ నెలవారీ తిరుగుడు ప్రకారం ఇది మూడేళ్లు, అంటే ఏడాదికి 33.

ఆల్ సీజన్ కొత్తగా 8.5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అరిగే వేగం సమ్మర్‌దే వేసుకుందాం. ఇవి ఎక్కువ కాలం వస్తాయన్న మాట అన్ని మోడళ్లకూ నిజం కాదు, మెత్తని రబ్బరు వేసవి ఎండలో త్వరగానే అరుగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మంచు మీద పనిచేయాలంటే గాడి కనీసం 4 మిల్లీమీటర్లుండాలి. ఆస్ట్రియాలో చలికాలపు రేడియల్ టైర్లకు చట్టమే 4 అంటుంది. అలా 4 దగ్గర తీసేస్తే 36,000 కిలోమీటర్లకు 110, ఏడాదికి సుమారు 37. సమ్మర్ కంటే ఖరీదు. అదే నాలుగో చలికాలంలో ఆ మూడు నాలుగు మంచు రోజులు కారు బయటికి తీయకుండా గడపగలిగితే, టైర్లను 3 మిల్లీమీటర్ల దాకా, అంటే 44,000 కిలోమీటర్ల దాకా లాగొచ్చు. అప్పుడు ఏడాదికి 30. ఆ నాలుగు రోజులు బస్సులో వెళ్లడం వల్ల ఎనిమిది వేల కిలోమీటర్లు కలిసొస్తాయి. మీ ప్రాంతంలో లోతు మీద చట్టపరమైన నిబంధన ఉంటే మాత్రం ఈ వెసులుబాటు లేదు, 37 లెక్కే పట్టుకోండి.

దీనికి పెట్రోలు కలపాలి. షాపులో ఎవరూ చెప్పని ఖర్చు ఇదే. టైరు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం పది శాతం పెరిగితే పెట్రోలు ఒకటి నుంచి రెండు శాతం అదనంగా కాలుతుంది. ఆల్ సీజన్‌కు నిరోధం అంత పెరుగుతుందనుకుందాం. మీ పెట్రోలు ఖర్చు ఏడాదికి టైర్ల ధరకు రెండింతలన్నారు, అంటే 200. అందులో ఒకటిన్నర శాతం 3. మూడేళ్లకు 9. షాపులో మీరు బేరమాడే ఆ 10 తేడా ఎంతో, పెట్రోలు బంకులో కనిపించకుండా పోయేదీ అంతే! అందుకే రెండు ఆల్ సీజన్ మోడళ్లలో ఏది తీసుకోవాలా అన్నప్పుడు, యూరప్ లేబుల్ దొరికితే చూడండి. ఇంధన పొదుపుకూ తడి పట్టుకూ విడివిడిగా ఏ నుంచి ఈ వరకు అక్షరాలుంటాయి. నా లెక్కలో తడి పట్టు అక్షరం ముందు, పెట్రోలు అక్షరం తర్వాత, ధర మూడోది. పట్టు విషయంలో ఒక మెట్టు దిగి పెట్రోలు మిగిల్చుకోవద్దు. ఒక్కసారి ముందు కారు బంపరు తాకితే ఇన్సూరెన్సులో మీ వాటాగా కట్టేది, పోయే నో క్లెయిమ్ బోనసు కలిపి ఆ పొదుపును మింగేస్తాయి.

బావగారి రెండు సెట్ల సలహా రోడ్డు మీద పట్టు పరంగా అన్నిటికన్నా మంచిది. అందులో సందేహం లేదు. మీ కిలోమీటర్లకు మాత్రం సరిపోదు. సమ్మర్ సెట్ ఏడాదికి 9,000 తిరుగుతుంది, నాలుగేళ్లు వస్తుంది, ఏడాదికి 25. వింటర్ సెట్ మూడు నెలల్లో 3,000 తిరుగుతుంది. 8 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా వాడాలంటే 32,000 కిలోమీటర్లు, పదేళ్ల పైమాటే. అంతకాలం రబ్బరు మెత్తగా ఉండదు. ఏడేళ్లకు తీసేస్తారనుకుంటే మూడో వంతు గాడి మిగిలుండగానే పారేస్తున్నట్టు. ఆ సెట్ కూడా 100 అనుకుంటే ఏడాదికి 14. విడిగా నాలుగు రిమ్ములకు 60 వేసి పదేళ్లకు పంచితే 6. ఏడాదికి రెండుసార్లు మార్పిడికి ఒక్కోసారి 5 చొప్పున 10. మొత్తం 55. రిమ్ములు కొనకుండా ప్రతిసారీ టైరునే ఊడదీయించుకుంటే ఆ 6 మిగులుతుంది కానీ కూలి పెరుగుతుంది, రిమ్ములో బిగుసుకునే టైరు అంచు దెబ్బతినే ప్రమాదం ఒకటి.

ఆల్ సీజన్‌కు పెట్రోలుతో కలిపి ఏడాదికి 33 నుంచి 40 మధ్య పడుతోంది. రెండు సెట్లకు దానికంటే కనీసం 15 ఎక్కువ, అంటే ఏటా సగం టైరు ధర కంటే ఎక్కువే. నెలకు రెండు రెండున్నర వేలు తిరిగేవాళ్లకు, వారాల తరబడి మంచు మీద నడపాల్సినవాళ్లకు బావగారి మాటే నిజం. అలాంటివాళ్ల టైర్లు వయసైపోయేలోపే అరిగిపోతాయి, ఏ సెట్టూ వృథా కాదు. అదనపు ఖర్చు రిమ్ములు, మార్పిడి కూలి మాత్రమే.

ఖర్చు తగ్గించుకోవడానికి రెండు ఆల్ సీజన్ ఇప్పుడు, రెండు వచ్చే ఏడాది అనే ఆలోచన వస్తే అక్కడే వదిలేయండి. ముందు ఒక రకం, వెనక ఒక రకం ఉంటే చలిలో రెండు ఇరుసుల పట్టూ వేరు. వెనక సమ్మర్ టైర్లుంటే మలుపులో తోక జారి కారు గింగిరాలు తిరుగుతుంది. రకం మారుస్తున్నప్పుడు నాలుగూ ఒకేసారి.

వడ్డీ లేని వాయిదాల సంగతి. బిల్లు 100 అయితే నగదుకు 95. వాయిదాల్లో 100. అంటే మీరు 95 అప్పు తీసుకుని 5 ఎక్కువ కడుతున్నారు. నెలనెలా తీరుతూ పోతుంది కనుక ఆ డబ్బు సగటున మీ దగ్గర ఉండేది మూడున్నర నెలలే. 95 మీద మూడున్నర నెలలకు 5 అంటే ఏడాది వడ్డీగా సుమారు 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా పైకి పోతుంది. దీనికన్నా అత్యవసర నిధి నుంచి తీసి నగదు కట్టండి. షాపుకు కట్టాల్సిన ఆ ఆరు వాయిదాలనే, అదే తేదీన, నిధిలోకి తిరిగి వేయండి. ఒక్క షరతు: తీశాక నిధిలో మూడు నెలల ఇంటి ఖర్చుకు తక్కువ మిగిలితే 18 శాతమైనా వాయిదాలే మేలు. ఆ మధ్యలో జీతం ఆగితే చేసే అప్పు ఇంకా ప్రియం.

రెండు నెలలు ఆగొచ్చా అంటే, రోడ్లు పొడిగా ఉంటే ఆగొచ్చు. 2,000 కిలోమీటర్లకు పావు మిల్లీమీటరు పోతుంది. వానలుంటే ఆగవద్దు.

ఈలోగా పాత టైర్లను ఒకసారి సరిగా కొలవండి. మెకానిక్ చెప్పిన 3 ఎక్కడ కొలిచిందో తెలియదు. చిన్న డెప్త్ గేజ్‌తో ఒక్కో టైరుకు బయటి గాడి, మధ్య గాడి, లోపలి గాడి, మూడు చోట్లా కొలవాలి. లోపలి వైపు చూడాలంటే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ముందు చక్రం వెనక కూర్చోండి. బయట 3.4, మధ్య 3.2, లోపల 2.1 వస్తే అలైన్‌మెంట్ తప్పింది. అది సరిచేయకుండా కొత్తవి వేస్తే పైన వేసిన లెక్కలన్నీ గాలికి పోతాయి, లోపలి అంచు ఏడాదిన్నరకే నున్నగా అవుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య నిలిస్తే గాలి తక్కువ పెట్టి తిరిగారు. మధ్య ఒక్కటే అరిగితే గాలి ఎక్కువ. చలికాలంలో ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పడినప్పుడల్లా సుమారు ఒక పీఎస్ఐ గాలి తగ్గుతుంది, కనుక ఎండాకాలంలో కొట్టించిన గాలి చలికి సరిపోదు. నెలకోసారి, కారు కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

బిల్లు కట్టేముందు నాలుగు టైర్లకూ సైడ్‌వాల్ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి, తయారైన వారం, ఏడాది అవే. 2324 అంటే 2024లో 23వ వారం. రెండేళ్ల పాత సరుకైతే ధర తగ్గించమనండి, లేదా మార్చమనండి. సైజుతోపాటు బరువు, వేగం కోడ్ పాతదానికి తగ్గకూడదు. 91వి ఉంటే టైరుకు 615 కిలోలు, గంటకు 240 కిలోమీటర్లని అర్థం. తక్కువ కోడ్ వేయించుకుంటే క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్సువాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టు. కిలోమీటర్ల వారంటీ అని గొప్పగా చెబుతారు. 80,000 హామీ ఇచ్చిన టైరు 60,000కే అరిగితే వాపసు వచ్చేది సాధారణంగా ధరలో నాలుగో వంతు, అదీ అదే బ్రాండు కొత్త టైరు కొంటేనే. పైగా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి రొటేషన్ (టైర్ల స్థానాల మార్పిడి) చేయించిన రసీదులన్నీ అడుగుతారు. ఆ రసీదులు దాచుకోండి కానీ ఆ వారంటీ కోసం ఎక్కువ ధర పెట్టకండి.

ఆరు నెలల్లో నిధి నిండాక అదే వాయిదా ఆపేయకుండా చిన్నది చేసి కొనసాగించండి: 110ని 44 నెలల్లో మిగిలిన 38 నెలలకు పంచితే నెలకు సుమారు 2.9. విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో పడుతుంటే వచ్చే సెట్ నాటికి నగదు సిద్ధంగా ఉంటుంది, ఆ 5 శాతం తగ్గింపు కూడా మీదే.