గ్రామర్ పరీక్ష అయ్యాక జవాబులు పోల్చుకుంటున్నారా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: అమెరికా కాలేజీల్లో ప్రవేశాల కోసం రాసే ఎస్ఏటీ పరీక్ష రాసి వచ్చాక ఐదుగురం జవాబులు పోల్చుకున్నాం. ఒక ప్రశ్నకు నలుగురూ 'వర్' పెట్టారు, నేనొక్కదాన్నే 'వాజ్' పెట్టాను. గుర్తున్నంతవరకు వాక్యం రాసి పంపుతున్నాను. నాది తప్పేనా? - ఒక విద్యార్థిని

జవాబు: వాక్యం మీరు రాసినట్టే ఉంటే మీదే రైటు. దాన్ని ఇక్కడ అచ్చు వేయడం లేదు. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నల్ని బయట పంచుకోవడం ఎస్ఏటీ నిర్వహించే కాలేజ్ బోర్డ్ నిబంధనలకు విరుద్ధం, స్కోరు రద్దయ్యే ప్రమాదం ఉంది. గ్రూపుల్లో పెట్టి ఉంటే వెంటనే తీసేయండి.

అదే సూత్రం మీద మేం తయారుచేసిన వాక్యం చూడండి: 'ద లిస్ట్ ఆఫ్ ఛేంజెస్ సజెస్టెడ్ బై ద ఎడిటర్స్ వాజ్ లాంగ్.' క్రియకు ఆనుకుని 'ఎడిటర్స్' ఉంది కాబట్టి చెవికి 'వర్' బాగుంటుంది. కానీ కర్త 'లిస్ట్', ఏకవచనం. తెలుగులో 'ఎడిటర్లు సూచించిన మార్పుల జాబితా పొడవుగా ఉంది' అంటాం. జాబితా వాక్యం చివర్లో, క్రియకు దగ్గర్లోనే ఉంటుంది, తడబడం. ఇంగ్లిష్‌లో కర్త ముందే వచ్చేస్తుంది, మధ్యలో బహువచనాలు దూరతాయి. 'ఆఫ్' నుంచి క్రియ ముందు వరకు ఉన్నదంతా మనసులో కొట్టేసి 'ద లిస్ట్ వాజ్ లాంగ్' అని చదవండి, తేలిపోతుంది. ఈ ప్రశ్న పెట్టేదే చెవిని నమ్మేవాళ్లను పట్టుకోవడానికి. అందుకే నలుగురూ ఒకే చోట పడ్డారు. గ్రామర్‌లో ఓట్ల లెక్క పనికిరాదు, కారణం చెప్పగలిగినవారి మాటే నిలుస్తుంది.

ప్రశ్న: 'హవెవర్' ముందు సెమీకోలన్, తర్వాత కామా అని నేర్చుకున్నాం. మాదిరి పరీక్షలో అలాగే పెడితే తప్పన్నారు. ఎందుకు? - మరో విద్యార్థి

జవాబు: మీరు నేర్చుకున్నది రెండు వాక్యాల మధ్య వైరుధ్యం ఉన్నప్పటి మాట. ఇది చూడండి: 'మెనీ క్రిటిక్స్ డిస్‌లైక్డ్ ద ప్లే. ద పబ్లిక్ లవ్డ్ ఇట్, హవెవర్; టికెట్స్ సోల్డ్ అవుట్ ఇన్ ఎ డే.' విమర్శకులకు నచ్చలేదు, జనానికి నచ్చింది: వైరుధ్యం ఆ రెండింటి మధ్యే. టికెట్లు అమ్ముడవడం జనానికి నచ్చినందుకు ఫలితం, దానితో పేచీ లేదు. కాబట్టి 'హవెవర్' ముందు భాగానికే అతుక్కుని ఉండాలి, సెమీకోలన్ దాని తర్వాత రావాలి. ఇలాంటి ప్రశ్నకు ముందు వాక్యం కూడా చదవకుండా జవాబు పెట్టకండి. పోల్చుకునేటప్పుడు ఎక్కువ గొడవలు ఇక్కడే, ఎందుకంటే ఇద్దరికీ రూలు తెలుసు, ఒకరే అర్థం చూశారు.

'హవెవర్'కు అటూ ఇటూ కామాలే పెట్టి రెండు పూర్తి వాక్యాలను కలపడం మాత్రం ఎప్పుడూ తప్పే.

ప్రశ్న: మా అబ్బాయి, వాడి స్నేహితుడు చెరి ఐదు తప్పులని లెక్క వేసుకున్నారు. స్కోర్లు మాత్రం వేరుగా వచ్చాయి. పైగా ఒకరికి వచ్చిన ప్రశ్నలు కొన్ని రెండోవారికి రాలేదట. - ఒక తండ్రి

జవాబు: డిజిటల్ ఎస్ఏటీలో ఇది మామూలే. రీడింగ్ అండ్ రైటింగ్ విభాగంలో రెండు మాడ్యూళ్లు (భాగాలు), ఒక్కోదానిలో 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. మొదటిదాంట్లో ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. తేలిక మాడ్యూల్ వచ్చినవారికి పైస్థాయి స్కోరు అందదు. 54లో 4 ప్రశ్నలకు అసలు మార్కులే ఉండవు, అవి భవిష్యత్ పరీక్షల కోసం పరీక్షిస్తున్నవి. ఏవో మీకు చెప్పరు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. ఇన్ని ఉండగా తప్పుల సంఖ్యతో స్కోరు ఊహించడం వృథా. పోల్చుకునే ఓపికేదో మాదిరి పరీక్షల మీద పెట్టమనండి, కాలేజ్ బోర్డ్ వారి బ్లూబుక్ యాప్‌లో ఉచితంగా ఉన్నాయి.

ప్రశ్న: అయితే మాదిరి పరీక్ష జవాబుల్ని ఎలా పోల్చుకోవాలి? - విద్యార్థుల బృందం

జవాబు: కీ (సరైన జవాబుల పట్టిక) తెరవకముందే ఎవరికి వారు ఒక్కో జవాబు పక్కన ఒక ముక్కలో కారణం రాసుకోండి: 'కర్త ఏకవచనం', 'రెండు పూర్తి వాక్యాలు', అలా. 'వినడానికి బాగుంది' అన్నది కారణం కాదు. ఊహించి పెట్టినవాటికి గుర్తు పెట్టుకోండి. తర్వాత జవాబులు కలవని ప్రశ్నలు తీయండి. జవాబు కలిసి కారణం కలవనివి కూడా వదలొద్దు, వాటిలో ఒకరు అదృష్టవశాత్తు గట్టెక్కి ఉంటారు. చర్చలో మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో కూడా చెప్పాలి. ఇక్కడో కిటుకు ఉంది: రెండు ఆప్షన్లకు తేడా ఒకదాంట్లో ఫుల్‌స్టాప్, మరోదాంట్లో సెమీకోలన్ మాత్రమే అయితే, ఆ రెండూ చేసే పని ఒకటే కాబట్టి రెండూ జవాబు కావు. కీ చివర్లో తెరవండి.