మాత్రలు మానేసి మ్యాజిక్ మష్రూమ్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిప్రెషన్‌కు ఎనిమిది నెలలుగా ఎసిటలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నాను. ఏడుపు తగ్గింది కానీ దేనిమీదా ఆసక్తి లేదు. సైలోసైబిన్ పుట్టగొడుగులు తీసుకుంటే డిప్రెషన్ పోతుందని, బుర్ర చురుగ్గా పనిచేస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. తనే తెప్పిస్తాడట. మాత్రలు ఆపేసి ప్రయత్నించవచ్చా? మా మేనమామ ఎర్రగడ్డ ఆసుపత్రిలో చాలాకాలం మందులు వాడారు.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. అలాగని మీ ఫ్రెండ్ చెప్పేవన్నీ గాలికబుర్లు కావు. మ్యాజిక్ మష్రూమ్స్‌లోని మత్తుపదార్థమైన సైలోసైబిన్, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం సంకేతాలను అందుకునే ఒక రకం రిసెప్టర్లపై పనిచేస్తుంది. ఒకే దిగులు చుట్టూ గిరగిరా తిరిగే ఆలోచనలకు కాసేపు బ్రేక్ పడుతుందని పరిశోధకుల అంచనా. 2022లో వెలువడిన ట్రయల్‌లో, మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 233 మందిని తీసుకున్నారు. 25 మి.గ్రా. ఒక్క డోసు తీసుకున్నవాళ్లలో మూడు వారాలకు సుమారు 29 శాతం మంది దాదాపు మామూలు స్థితికి వచ్చారు. పన్నెండు వారాల వరకూ ఆ మేలు నిలిచింది ఐదుగురిలో ఒకరికే. పైగా అది ల్యాబ్‌లో కొలిచి తయారుచేసిన మందు, పక్కనే గంటల తరబడి థెరపిస్టు. ప్యాకెట్‌లో వచ్చే ఎండు పుట్టగొడుగులో డోసెంతో, అసలది ఏ జాతిదో ఎవరు చెప్పాలి?

ఇంకో సంగతి. 2021లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు సైలోసైబిన్‌ను పోటీ పెట్టింది సరిగ్గా మీరు మానేద్దామనుకుంటున్న ఎసిటలోప్రామ్‌తోనే! ఆరు వారాల తర్వాత డిప్రెషన్‌ను కొలిచే ప్రధాన స్కోరులో స్పష్టమైన తేడా కనిపించలేదు. ఇక చురుకుదనం కోసం కొద్దికొద్దిగా తీసుకునే మైక్రోడోసింగ్ అంటారా, అదే ఏడాది 191 మందితో చేసిన అధ్యయనంలో ఉత్తుత్తి క్యాప్సూల్స్ మింగినవాళ్లకూ దాదాపు అంతే హుషారొచ్చింది.

నన్ను ఎక్కువగా ఆపుతున్నది మీరు ఆఖర్లో ఒక్క ముక్కలో రాసిన మేనమామ విషయం. ఆయనది స్కిజోఫ్రెనియానో, బైపోలారో అయితే, ఈ పదార్థాలు మీలో సైకోసిస్‌నో (లేనివి ఉన్నట్టు అనిపించడం), మేనియానో (హద్దులేని ఉద్రేకం) రేపే ప్రమాదం ఉంది. అందుకే ఇంట్లో ఇలాంటి చరిత్ర ఉన్నవారిని చాలా ట్రయల్స్‌లో చేర్చుకోరు. ఆయనకు ఏ జబ్బన్నారో మీ అమ్మగారిని అడిగి మీ సైకియాట్రిస్టుకు చెప్పండి. మందు మార్చాలన్నా అది తెలియాలి. మనదేశంలో మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైలోసైబిన్ దగ్గర పెట్టుకోవడమే నేరం, తెప్పించిన ఫ్రెండూ ఇరుక్కుంటాడు.

మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం, చిరాకు, నిద్రపట్టకపోవడం రావచ్చు. ఆసక్తి లేకపోవడం మిగిలిపోయిన డిప్రెషన్ కావచ్చు, మాత్ర ప్రభావమూ కావచ్చు. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. రెండు మందులు సరైన డోసులో, తగినన్ని వారాలు వాడినా తగ్గకపోతేనే మొండి డిప్రెషన్ అంటాం. మీరింకా మొదటి మందు దగ్గరే ఉన్నారు. డోసు పెంచడం, బుప్రోపియాన్ లాంటి వేరే రకానికి మారడం, ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ కౌన్సెలింగ్... ఇవేవీ చూడనేలేదు కదా. ఈలోగా చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.