థీసిస్ టాపిక్ కంటే ముందు ఫ్రీజర్ తెరిచి చూడండి

బరంపురం నుంచి ఒక రిటైర్డ్ బయోకెమిస్ట్రీ టీచరు జవాబులు

ప్రశ్న: మాది గుణుపురం. బరంపురంలో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ బయోమెడికల్ సైన్స్ రెండో ఏడాది చదువుతున్నాను. నెలాఖరులోగా థీసిస్ టాపిక్ ఇవ్వాలి. ఆసుపత్రిలో రక్తం శాంపిళ్లు తీసుకుని సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రక్తజబ్బు) మీద చేయాలని ఒక ఆలోచన. మా అమ్మమ్మగారిది కంచిలి కాబట్టి ఉద్దానం కిడ్నీ జబ్బు మీదా మనసు లాగుతోంది. సీనియర్లేమో కంప్యూటర్లో డాకింగ్ (మందు అణువు ప్రొటీన్‌కి ఎలా అతుక్కుంటుందో లెక్కగట్టడం) చేసెయ్, తలనొప్పి ఉండదు అంటున్నారు. చేతిలో ఆరేడు నెలలే ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు మేడమ్. — పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు నిద్రపో అమ్మా. ఆరేడు నెలలు ఎమ్మెస్సీ థీసిస్‌కి సరిపోతాయి, అవి దేనికి ఖర్చవుతాయో ముందే తెలుసుకుంటే. టాపిక్ గొప్పదా కాదా అన్నది తర్వాత. రేపు పొద్దున్నే మీ డిపార్ట్‌మెంట్ ఫ్రీజర్ తెరిచి చూడు. డీఎన్‌ఏ కాపీలు తీసే ఎంజైమ్, టాక్ పాలిమరేజ్ ఉందా, గడువు దాటిందా? ఆ కాపీలు తీసే పీసీఆర్ మిషన్ నడుస్తోందా, డీఎన్‌ఏ ముక్కలు గీతలుగా విడిపోయే జెల్‌ని ఫొటో తీసే యంత్రం రిపేరులో ఉందా? ఇవన్నీ ల్యాబ్ అటెండర్‌ని అడుగు. గైడ్‌గారి కంటే ఆయనకే బాగా తెలుస్తాయి.

ఉద్దానం సంగతి. ఆ ఊళ్ల బాధ చూసినవాళ్లకి మనసు లాగక మానదు. కానీ ‘జబ్బుకు కారణం కనుక్కుంటాను’ అని మాత్రం సినాప్సిస్‌లో రాయకు. నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయే పని, జన్యువులు... పెద్ద పెద్ద బృందాలు ఏళ్ల తరబడి చూసినా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో పెరిగే ఎన్‌జీఏఎల్ లాంటి ప్రొటీన్ కొలిచి చిన్నగా ముగించొచ్చు కదా అంటావేమో. అలా ప్రొటీన్ కొలిచే ఎలైసా కిట్‌లో 96 గుంటలుంటాయి. బ్లాంక్‌తో కలిపి ఎనిమిది స్టాండర్డ్‌లు (మోతాదు ముందే తెలిసిన ద్రావణాలు) రెండేసి సార్లు వేస్తే 16 పోయాయి. మిగిలిన 80లో ప్రతి శాంపిల్‌నీ రెండుసార్లు వేయాలి, అంటే ఒక కిట్‌కి 40 మందే. రోగులూ ఆరోగ్యవంతులూ ఇద్దరూ ఆ నలభైలోనే సర్దుకోవాలి. పైగా శాంపిళ్లు ఆంధ్రలోని ఆసుపత్రి నుంచి తెస్తావు కాబట్టి అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతీ కావాలి, మీ కాలేజీదీ కావాలి. ఇచ్ఛాపురం దాటితే భాష మారదు గానీ కాగితాలు మారతాయి. పీహెచ్‌డీకి దాచుకో.

నా ఓటు సికిల్‌సెల్‌కే. అయితే ‘మా జిల్లాలో సికిల్‌సెల్ ఎంతమందికి’ అన్న సర్వే వద్దు. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద ప్రభుత్వమే ఊరూరా పరీక్షలు చేస్తోంది, దానితో నువ్వు పోటీ పడలేవు. ‘ఒకే జబ్బు ఒకరిలో తీవ్రంగా, ఇంకొకరిలో నెమ్మదిగా ఎందుకుంటుంది’ అన్నదాంట్లోంచి చిన్న ముక్క తీసుకో. చాలామంది ఇక్కడ ఎక్స్‌ఎంఎన్-1 పాలిమార్ఫిజం (పిండ హిమోగ్లోబిన్ జన్యువు దగ్గరి ఒక డీఎన్‌ఏ మార్పు) ఎంచుకుంటారు, ఎందుకంటే పాత థీసిస్‌లో ప్రైమర్లు (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెడీగా దొరుకుతాయి. మన దేశపు సికిల్ రోగుల్లో అరబ్-ఇండియన్ హాప్లోటైపే (కలిసి వంశంలో వచ్చే జన్యు మార్పుల గుంపు) ఎక్కువ. దానితో పాటే ఆ మార్పు దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. అందరికీ ఉన్నదాన్ని పెట్టుకుని ఎవరితో ఎవరిని పోలుస్తావు?

దానికి బదులు ఆల్ఫా తలసేమియా చూడు. మనిషికి మామూలుగా హిమోగ్లోబిన్‌లో భాగమైన ఆల్ఫా గ్లోబిన్‌ని తయారుచేసే జన్యువులు నాలుగు. 3.7 కిలోబేస్‌ల (అంటే 3,700 అక్షరాల) డీఎన్‌ఏ ముక్క ఎగిరిపోతే అందులో ఒకటి తగ్గుతుంది. మన గిరిజన ప్రాంతాల్లో ఇది అరుదు కాదు, అలాగని అందరికీ ఉండదు. సికిల్ రోగుల్లో ఈ ముక్క లేనివాళ్లకూ ఉన్నవాళ్లకూ హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం), రక్తం ఎక్కించిన సందర్భాలు పోల్చి చూడు. గ్యాప్-పీసీఆర్ (ఎగిరిపోయిన ముక్కని పట్టే పీసీఆర్), అగరోజ్ జెల్ చాలు, సీక్వెన్సింగ్ ఖర్చు లేదు. జన్యురకం ముందే తెలిసిన కంట్రోల్ డీఎన్‌ఏ మాత్రం ఎక్కడినుంచైనా అడిగి తెచ్చుకో. అది లేకపోతే జెల్ మీద గీత కనబడకపోవడానికి కారణం జన్యువు లేకపోవడమా, పీసీఆర్ పనిచేయకపోవడమా అన్నది చెప్పలేవు.

శాంపిల్ ఊదా మూత ఈడీటీఏ ట్యూబులోనే తీయించు. ఆకుపచ్చ మూతది హెపారిన్, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. మూడు నెలల లోపు రక్తం ఎక్కించుకున్నవాళ్ల హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను వేరు చేసే పరీక్ష) రిపోర్టులో దాత హిమోగ్లోబిన్ కలిసిపోయి ఉంటుంది, ఎంసీవీ కూడా మారిపోతుంది. కాబట్టి ‘చివరిసారి రక్తం ఎప్పుడెక్కించారు’ అన్న ప్రశ్న ఫారంలో మొదటి వరుసలోనే పెట్టు. హైడ్రాక్సీయూరియా మందు వాడుతున్నారా అన్నదీ రాసుకో, అది పిండ హిమోగ్లోబిన్‌ని పెంచుతుంది, ఎంసీవీనీ పెంచుతుంది. మీ ఊరి నుంచి శాంపిళ్లు రైల్లో తెస్తావేమో, ఆ రైలు పర్లాకిమిడి దాటి ఆంధ్రలో దిగి, నౌపడ మీదుగా తిరిగి ఒడిశాలోకి రావాలి. అంతసేపూ ఐస్‌ప్యాక్ ట్యూబులకు తగలకుండా మధ్యలో న్యూస్‌పేపరు మడతలు పెట్టు. రక్తం చలికి మంచులా గట్టిపడి కరిగితే కణాలు పగిలిపోతాయి.

సమ్మతి పత్రం ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. గుణుపురం వైపు సవర వాళ్లు ఎక్కువ. చదవలేనివాళ్లకి వాళ్ల భాషలో వివరించి, రోగికీ నీకూ సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లలు నోటితోనూ, పన్నెండు దాటినవాళ్లు రాతలోనూ ఒప్పుకోవాలి. ఎథిక్స్ కమిటీ మనకు కావలసినప్పుడల్లా కూర్చోదు. అందుకే టాపిక్ ఓకే అయిన వారంలోనే ఫైలు పెట్టు. కమిటీ సంతకం పడకముందు తీసిన శాంపిల్ ఒక్కటి కూడా థీసిస్‌లో చేర్చకూడదు.

డాకింగ్ గురించి ఒక్క మాట. తప్పేం కాదు గానీ, ఎంత గట్టిగా అతుక్కుంటుందో చెప్పే స్కోరు మైనస్ తొమ్మిది వచ్చిందని చూపించి మందు కనిపెట్టామనడం మానుకోవాలి. అసలు లిగాండ్‌ని (ప్రొటీన్ నిర్మాణంలో ముందే అతుక్కుని ఉన్న అణువుని) మళ్లీ డాక్ చేస్తే రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తన చోటికే వస్తోందా అని కూడా చూడని థీసిస్‌లు నేను బోలెడు దిద్దాను.

ప్రశ్న: మా అబ్బాయి థీసిస్ పూర్తిగా చేసి, రాసి, సర్టిఫికెట్‌తో సహా ఇస్తామని హైదరాబాద్‌లో ఒకరు డబ్బు అడుగుతున్నారు. కట్టమంటారా? — ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: కట్టకండి. వైవాలో ‘ఈ ప్రైమర్‌కి ఈ టెంపరేచర్ ఎందుకు పెట్టావు’ అని అడిగితే మీ అబ్బాయి గోడలు చూస్తాడు. భువనేశ్వర్‌లోనే ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. ఇక్కడ బరంపురంలో ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉంది. అక్కడి సైంటిస్టుల పేపరు ఒకటి చదివి, అందులో తనకు ఏం అర్థమైందో, ఏం చేయాలనుకుంటున్నాడో రెండు పేరాల్లో అబ్బాయినే మెయిల్ రాయమనండి. మీరు రాయకండి, చదవగానే తెలిసిపోతుంది. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకొకరికి రాయాలి. సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా ఉంది, దానికి స్టైపెండ్ వాళ్లే ఇస్తారు.

ప్రశ్న: కోరాపుట్ దగ్గర ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తూ ఎమ్మెస్సీ చదువుతున్నాను. కొత్తగా శాంపిళ్లు తీసే వీలు లేదు. ఉన్న రికార్డులతో థీసిస్ అవుతుందా? — ఒక పాఠకుడు

జవాబు: అవుతుంది బాబూ, మీ దగ్గరున్న మలేరియా రిజిస్టరే మంచి థీసిస్. కిట్ పరీక్ష పాజిటివ్ వచ్చి, స్లైడ్ నెగటివ్ వచ్చినవాళ్లు మీకు తగిలే ఉంటారు. కిట్ ఫాల్సిపారం రకం మలేరియా కోసం వెతికేది హెచ్ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ని. మందు పడి పరాన్నజీవి పోయాక కూడా అది కొన్ని వారాల పాటు రక్తంలో ఉండిపోతుంది. ఆ తేడా పడినవాళ్లలో ఎంతమంది అంతకుముందు మలేరియా మందు వాడారో రిజిస్టర్లలో వెతకండి. తేడా వచ్చిన స్లైడ్లను, రిపోర్టు చూడకుండా, ఇంకొకరి చేత మళ్లీ చదివించండి. రికార్డులే కదా అని ఎథిక్స్ కమిటీ అనుమతి మానకండి, పేర్లు తీసేసినా అది కావాలి. ఈలోగా పాత స్లైడ్లు పారేయొద్దని, నెలవారీగా డబ్బాల్లో సర్దమని మీ ల్యాబ్‌లో ఈ రోజే చెప్పి ఉంచండి.