ఉద్యోగం, ఫోన్, అప్పుల మధ్య ఫలించే క్రైస్తవ జీవితం ఎలా? నా అనుభవం

ఆదివారం ఆరాధనకు వెళ్తున్నా, బైబిల్ తెరిస్తే మనసు నిలవడం లేదని, ఉద్యోగం, ఫోన్, ఇంటి అప్పు అన్నీ లాగేస్తున్నాయని, లోక విషయాల్లో చిక్కుకోకుండా ఫలించడం ఎలాగని అడిగారు. నేనూ కొన్నేళ్లు ఇదే స్థితిలో ఉన్నాను. నాకు జరిగింది రాస్తాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నాన్న కౌలు రైతు, సంఘపెద్ద కూడా. వరిలో ఊద (వరిలాగే కనిపించే కలుపు) పడితే అమ్మానాన్నలిద్దరూ రోజంతా వంగి పీకేవారు. లేతగా ఉన్నప్పుడు ఏది ఊదో ఏది వరో నాకు తెలిసేది కాదు. "ఊద పడితే వరి చావదురా, పచ్చగానే కనిపిస్తుంది. తూర్పార పడితే తెలుస్తుంది, అంతా తాలే" అనేవారు నాన్న. తాలు అంటే లోపల గింజ లేని పొట్టు.

ఆ మాటకూ, దేవుని వాక్యాన్ని విత్తనంతో పోల్చి యేసు ప్రభువు చెప్పిన విత్తువాని ఉపమానానికీ ఉన్న సంబంధం నాకు నలభై దాటాక అర్థమైంది. మార్కు సువార్త 4వ అధ్యాయం చూడండి. రాతినేల మీద పడిన విత్తనం ఎండిపోయిందని ఉంది. ముళ్లపొదల్లో పడినది ఎండిపోయిందని లేదు, ఫలించలేదని ఉంది. ఆ ముళ్లకు యేసు ప్రభువు చెప్పిన పేర్లు ఐహిక విచారాలు, ధనమోసం, ఇతరమైన అపేక్షలు. నేనేమో లోకమంటే తాగుడు, సినిమాలు, చెడు స్నేహాలు అనుకున్నాను. అవేవీ నాకు లేవు కాబట్టి బాగానే ఉన్నాననుకున్నాను.

నా ముల్లు ఒక ప్లాటు. 2019లో హైదరాబాద్ శివార్లలో లోన్ తీసుకుని 200 గజాలు కొన్నాం. కొనడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ కొన్న రోజు నుంచి గజం రేటు ఎంతుందో చూడకుండా నిద్రపోలేదు. రియల్ ఎస్టేట్ వాట్సాప్ గ్రూపులు నాలుగు, ఆ పక్కన రోడ్డు వస్తుందంటూ వీడియోలు. ప్రార్థనలో మోకరిస్తే ఈఎంఐ లెక్కలే. కుటుంబ ప్రార్థన వారానికి ఒకసారైంది, తర్వాత ఆగిపోయింది. సంఘంలో మాత్రం ఎవరికీ తేడా తెలియలేదు. కానుక వేస్తున్నాను, క్రిస్మస్ పనులు ముందుండి చేస్తున్నాను.

అప్పుడే మా ఆఫీసులో ఒకాయన, క్రైస్తవుడు కాదు, నా దగ్గరికి వచ్చి "మా ఆవిడకు ఆపరేషన్ ఉంది, నువ్వు ప్రార్థన చేస్తావు కదా, మా గురించి కూడా చెయ్యి" అన్నారు. తప్పకుండా అన్నాను. రెండు వారాల తర్వాత ఆయన కళ్లలో నీళ్లతో "ఇంటికొచ్చేసింది, నీ ప్రార్థన వల్లే" అన్నప్పుడు గుర్తొచ్చింది, నేను ఒక్కరోజు కూడా ఆమె కోసం ప్రార్థించలేదని. ఆ రాత్రి నా భార్య దగ్గర ఏడ్చాను. నాన్న చెప్పిన తాలు నేనే.

మర్నాడు ఆయనతో నిజం చెప్పాను. చాలా కష్టమైంది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఇప్పుడు చెయ్యి మరి, ఇంకా నడవలేకపోతోంది" అన్నారు. ఒక నోట్‌బుక్ కొని మొదటి పేజీలో ఆమె పేరు రాశాను. ఇప్పటికీ ఎవరైనా ప్రార్థన అడిగితే వాళ్ల ముందే అందులో రాస్తాను.

ప్లాటు అమ్మలేదు. ఆ నాలుగు గ్రూపుల నుంచీ బయటికొచ్చాను. రాత్రి తొమ్మిదికి ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కు పెట్టేస్తాం, పడకగదిలోకి రాదు. ఫోన్‌లో బైబిల్ చదవడం మానేశాను, ఎందుకంటే వాక్యం మధ్యలో ఏదో ఒక మెసేజ్ వచ్చేది. పాత పుస్తకమే తీశాను. మొదట పదిహేను నిమిషాలే, మార్కు సువార్త రోజుకు ఒక అధ్యాయం. మొత్తం 16 అధ్యాయాలే కాబట్టి మొదలుపెట్టడానికి తేలిక. మొదటి అధ్యాయంలోనే 35వ వచనం నన్ను పట్టుకుంది. ముందురోజు సాయంత్రం ఊరంతా ఇంటి వాకిట కూడితే ఎందరినో స్వస్థపరచిన ప్రభువు, చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లారు. "అందరూ మీ కోసం వెతుకుతున్నారు" అని శిష్యుడు సీమోను, తనతో ఉన్నవాళ్లు వచ్చి చెప్పినా, తాను వచ్చిన పని కోసం వేరే ఊళ్లకు బయలుదేరారు. మనకంటే ఎక్కువ పని, ఎక్కువ ఒత్తిడి ఉన్నా ఆయన ఆ సమయాన్ని వదులుకోలేదు.

ఒక విషయంలో జాగ్రత్త. అమ్మానాన్నల మందులు, పిల్లల ఫీజులు, ఆఫీసు పని ముళ్లు కావు, అవి దేవుడిచ్చిన బాధ్యతలు. నేను మొదట్లో అతిగా వెళ్లి ఇంటి లెక్కలన్నీ భార్య మీద వదిలేశాను, ఆమె చాలా టెన్షన్ పడింది. మా పాస్టరు గారు నన్ను గట్టిగానే మందలించారు. ప్రభువును ఇంట్లో చేర్చుకుని పనుల్లో మునిగిపోయిన మార్తతో (లూకా 10) కూడా ఆయన వంట మానేయమనలేదు, ఆమె తొందరను, విచారాన్ని చూపించారు. బాధ్యత పని చేయగానే ముగుస్తుంది. విచారం పని అయిపోయాక కూడా లోపల తిరుగుతూనే ఉంటుంది. నేను ఈ తేడాతోనే ఏది ఊదో గుర్తుపడుతున్నాను.

ఇదంతా ఒక్కసారితో అయిపోలేదు. రెండో నెలలో రేట్లు పెరిగాయని ఎవరో చెబితే మళ్లీ వారంపాటు వీడియోలు చూశాను. ఊద కూడా ఒక్కసారి కలుపు తీస్తే పోదు కదా. మా అమ్మాయే "నాన్నా, ఇవాళ ప్రార్థన లేదా?" అని అడిగి ఆపింది.

మీ పిల్లలు చిన్నవాళ్లయితే తెల్లవారుజాము కుదరకపోవచ్చు. మా ఆవిడకు కుదరలేదు. పిల్లలు స్కూలుకు వెళ్లాక, గిన్నెలు తోమే ముందు, ఆమె ఇరవై నిమిషాలు తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఆ సమయంలో నేను కూడా ఫోన్ చేయను.